వీడియో కింద ఫోన్ నంబరు

పెద్దవాళ్లు ఫోన్లను తిట్టడం, పిల్లలు వాటిని వెనకేసుకురావడం లోకంలో ఉన్నదే. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇది తిరగబడింది. బాబాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో జనరల్ ఫిజీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. గుంటూరు జిల్లాలో సొంతింటి ముందుగదిలో సాయంత్రాలు రోగుల్ని చూస్తాడు, ఖాళీ దొరికితే యూట్యూబ్‌కి వీడియోలు చేస్తాడు. ఆయన అన్నగారమ్మాయి హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరు. ఆ అమ్మాయికి డాక్టర్ల వీడియోలంటే ఒళ్లు మంట. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరికీ మాటామాటా పెరిగింది. పక్కనే కూర్చున్న నాకు ఎవరి పక్షమూ పూర్తిగా నచ్చలేదు గనక ఇద్దరి మాటలూ రాస్తున్నాను. నోరాగని చోట నా ముక్క కుండలీకరణాల్లో పెట్టాను.

అమ్మాయి: మీ ఇన్సులిన్ వీడియో చూశాను బాబాయ్. అంతా బాగుంది. చివర ఆ ఫోన్ నంబరు ఎందుకు?

బాబాయి: బాగుందన్నదాని గురించి రెండు ముక్కలు మాట్లాడి, తర్వాత నంబరు దగ్గరకు రారాదూ?

అమ్మాయి: బాగున్న సంగతి మీకు తెలిసిందేగా.

బాబాయి: తెలుసు. ఎందుకు చేశానో నీకు తెలీదు. పోయిన వేసవిలో ఒక పెద్దావిడని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. ఒళ్లంతా చెమట, మాట ముద్దముద్దగా వస్తోంది. షుగర్ చూస్తే 42. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకుంది. ఏం జరిగిందని ఆరా తీస్తే, అమెరికా నుంచి వచ్చిన కొడుకు అక్కడి ఇన్సులిన్ సీసాలు తెచ్చిపెట్టాడు. ఆ సీసాలో మిల్లీకి 100 యూనిట్లు. ఆవిడ ఇన్నేళ్లూ మన మందుల షాపులో కొన్నది మిల్లీకి 40 యూనిట్లది. సిరంజి మాత్రం పాతదే, ఎర్రమూతది. రోజూ లాగినట్టే 20 గీత దాకా లాగి పొడుచుకుంది. 20 గీతంటే అర మిల్లీ. పాత సీసా అయితే 20 యూనిట్లు, కొత్త సీసాలో అదే అర మిల్లీకి 50. కొడుకుది ప్రేమ, ఆవిడది అలవాటు. ఎవర్నని తిడతాం?

అమ్మాయి: అందుకని తువ్వాలు మీద రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టి చూపించారు.

బాబాయి: ఎర్రమూతది 40కి, నారింజరంగు మూతది 100కి. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా కాదా చూసుకోమన్నాను. రంగునీళ్లు లాగి చూపించాను. ఫ్రిజ్ లేనివాళ్లు మట్టికుండలో ఎలా పెట్టుకోవాలో, ఫ్రిజ్ ఉన్నవాళ్లు పైన ఐసు అరలో ఎందుకు పెట్టకూడదో చెప్పాను. రెంటచింతల ఎండల్లో కిటికీలో పెట్టిన ఇన్సులిన్ ఏం పనిచేస్తుంది? ఓపీలో ఇదంతా చెప్పాలంటే మనిషికి పావుగంట. బయట ముప్ఫైమంది కూర్చుని ఉంటారు. వీడియో అయితే ఆవిడ ఇంటికెళ్లి, సూది పొడుచుకునే ముందు మళ్లీ పెట్టుకుని చూస్తుంది, కోడలికి చూపిస్తుంది. చీటీ చదవలేని మనిషి కూడా మూత రంగు చూడగలదు. ఇందులో తప్పేముంది?

అమ్మాయి: ఇందులో తప్పు లేదు. ఎంతమంది చూశారు?

బాబాయి: నాలుగొందల చిల్లర.

అమ్మాయి: మీ కాకరకాయ వీడియో?

బాబాయి: లక్ష దాటింది. అందులో కూడా మందులు మానొద్దనే చెప్పాను.

అమ్మాయి: థంబ్‌నెయిల్ మీద అలా లేదు. “కాకరకాయతో షుగర్ పోతుందా?” అని పెద్దక్షరాలు, పక్కన నోరు తెరుచుకున్న మీ ఫొటో. చివర ప్రశ్న గుర్తు పెట్టామంటారు. అది ఎవరికి కనిపిస్తుంది బాబాయ్?

(ఆ ఫొటో నేనూ చూశాను. ఆయన ప్రాక్టీసు మొత్తంలో అంత ఆశ్చర్యపడ్డ ముఖంతో ఏ రోగికీ కనిపించి ఉండడు.)

బాబాయి: అది మా మనవడు చేశాడు. అలా పెట్టకపోతే ఎవరూ నొక్కరంటాడు.

అమ్మాయి: నా గొడవంతా అదే. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, చూసేవాళ్లకేం కావాలో యూట్యూబ్ లెక్కగట్టి చెప్తుంది, డాక్టరు అదే చెప్తాడు. పోనుపోను సిరంజిలు పోయి కాకరకాయలు మిగులుతాయి. మీకు మనవడొక్కడే మార్కెటింగు. మాకు దానికో డిపార్ట్‌మెంటుంది. నెలకిన్ని రీల్స్ అని లెక్క. స్క్రిప్టు కూడా వాళ్లే రాసుకొస్తారు. ఈమధ్య నాకిచ్చింది ఏంటో తెలుసా? “మీ కిడ్నీలు పాడవుతున్నాయని చెప్పే 5 గుర్తులు.”

బాబాయి: పనికొచ్చేదేగా?

అమ్మాయి: మీరూ అలా అంటే ఎట్లా? కిడ్నీ జబ్బుకి మొదట్లో చాలామందికి ఏ గుర్తూ ఉండదు. కాళ్లవాపు, ఆయాసం, వాంతులు వచ్చేసరికి జబ్బు చాలా దూరం పోయి ఉంటుంది. షుగరో బీపీయో ఉన్నవాళ్లు ఏ బాధా లేకపోయినా ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. చెప్పాల్సిందల్లా ఇదే. “ఏ గుర్తూ ఉండదు, అయినా పరీక్ష చేయించుకోండి” అంటే రీల్ నడవదట. వాళ్ల 5 గుర్తుల్లో నడుంనొప్పి ఉంది. నడుంనొప్పుల్లో ఎక్కువభాగం కండరాలదో వెన్నుదో. నేను కాదంటే ఆ రీల్ ఇంకో డాక్టరు చేశాడు. ఆ తర్వాత ఓపీకి నడుం పట్టుకుని కుర్రాళ్లు వరస కట్టారు, అందరికీ స్కానింగు ప్యాకేజీ. పదిహేనేళ్లుగా షుగరుండి ఒక్కసారీ మూత్రం పరీక్ష చేయించుకోని తాపీమేస్త్రీ మాత్రం రాలేదు. ఆయన తిన్నగా డయాలసిస్‌కే వస్తాడు.

బాబాయి: అది మీ ఆసుపత్రి జబ్బు. దాన్ని వీడియో నెత్తిన రుద్దకు. హోర్డింగులు వీడియోల కంటే ముందే ఉన్నాయి. విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా రోడ్డు పొడుగునా చేతులు కట్టుకుని నిలబడ్డ డాక్టర్లే గదా. ఇంకో మాట అడుగుతాను. ఏ ఆసుపత్రి అండా లేకుండా చిన్న ఊళ్లో బోర్డు కట్టిన కుర్ర డాక్టరు సంగతేంటి? వాడి దగ్గరకు ఎవరొస్తారు? పీఆర్‌వోని పెట్టి ఊళ్లు తిప్పాలి, ఆర్‌ఎంపీలకు కమీషన్ ఇవ్వాలి. ఆ కమీషన్ ఎవరి జేబులోంచి? రోగి బిల్లులోంచే. అంతకంటే వాడు నాలుగు మంచి మాటలు వీడియోలో చెప్పి, అది చూసి నలుగురొస్తే పాపమా?

అమ్మాయి: వీడియోలొచ్చి కమీషన్లు పోతే నేనూ చప్పట్లు కొడతాను. పోలేదు గదా. కమీషన్ కమీషనే, దాని మీద ఇప్పుడు డిజిటల్ ఏజెన్సీకి నెలకింతని అదనం. కెమెరా కుర్రాడికి, ఎడిటింగ్‌కి, వ్యూస్ పెంచడానికి. అదీ బిల్లులోకే.

బాబాయి: రూలు ఉంది గదా. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ఏమంది? డాక్టరు రోగుల్ని తన దగ్గరకు పిలుచుకోకూడదు, తన గురించి ప్రచారం చేసుకోకూడదు. కమీషన్ కూడా కూడదంది. అదే నియమావళి ప్రజారోగ్యం గురించి సొంతపేరుతో పత్రికల్లో రాయొచ్చు, రేడియోలో, టీవీలో, ఇంటర్నెట్ చాట్‌లో మాట్లాడొచ్చు అంది. అప్పటికి యూట్యూబ్ పుట్టనే లేదు. అయినా ఇంటర్నెట్ మాట రాశారు. నేను దాని కిందే మాట్లాడుతున్నాను.

అమ్మాయి: 2023లో కొత్తవి తెచ్చారు, చదివారా? సోషల్ మీడియా కోసం విడిగా ఒక భాగమే పెట్టారు. లైకులు, ఫాలోయర్లు కొనకూడదు. వెతికితే తన పేరే ముందు రావాలని డబ్బు కట్టకూడదు. నయమైన రోగుల ఫొటోలు, ఆపరేషన్ వీడియోలు పెట్టకూడదు. రోగుల్ని అడిగి మెచ్చుకోలు మాటలు చెప్పించుకోకూడదు. ఆగస్టు మొదట్లో వచ్చాయి. అదే నెల 23న పక్కన పెట్టేశారు.

బాబాయి: గొడవంతా జనరిక్ పేర్లే రాయాలన్న దాని మీద. సోషల్ మీడియా ముక్క మీద పెద్దగా ఎవరూ అరవలేదు.

అమ్మాయి: దేని మీదైతేనేం, ఆగింది. ఆగకపోయినా అది డాక్టరుకే గదా. కౌన్సిల్లో రిజిస్టరయ్యేది డాక్టరు, ఆసుపత్రి కంపెనీ కాదు. రీల్ పెట్టేది కంపెనీ ఛానెల్లో. రాబడి వాళ్ల ఖాతాలోకి. రేపు ఎవడన్నా ఫిర్యాదు చేస్తే పోయేది నా రిజిస్ట్రేషన్.

(దీనికి బాబాయి దగ్గర జవాబు లేకపోయింది. నా మటుకు నాకు ఆ రోజు విన్నవాటిలో అన్నిటికన్నా బరువైన మాట ఇదే. డాక్టర్ల నీతి గురించి మనం గంటలు మాట్లాడతాం. డాక్టరు ముఖాన్ని అద్దెకు తీసుకున్న కంపెనీని అడిగేవాడు కనిపించడు.)

బాబాయి: సరే, నువ్వు మాట్లాడవు. నీలాంటివాళ్లెవరూ మాట్లాడరు. ఆ ఖాళీలో ఎవరు కూర్చుంటారు? 2021 మే గుర్తుందా? నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నానికి కరోనా మందు కోసం వేలమంది. కంట్లో చుక్కలు వేయగానే ఊపిరందిందని ఒకాయన చెప్పిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. ఆ చెప్పినాయన నెలాఖరుకే పోయాడు. చివరికి ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చంది.

అమ్మాయి: వాళ్లు డాక్టరు వీడియో లేక వెళ్లారా బాబాయ్? బెడ్ లేక, ఆక్సిజన్ లేక వెళ్లారు. ఆసుపత్రి గేటు దగ్గర అంబులెన్సులో పడిగాపులు పడుతున్నవాడికి మీరు నాలుగు నిమిషాలు పాఠం చెప్తే ఆగుతాడా?

బాబాయి: ఆగడు. ఒప్పుకుంటాను. మరి తిప్పతీగ? అది బెడ్ లేక తాగింది కాదే. ఇమ్యూనిటీ అని చెప్పి ఆరోగ్యంగా ఉన్నవాళ్లే రోజూ కషాయం కాచుకున్నారు. లివర్ దెబ్బతిన్న కేసులున్నాయని ముంబయి డాక్టర్లు 2021లో వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ శాఖ కాదంది. ఆ వ్యాసం మన వీధిలో ఎవరు చదివారు? కేరళలో సిరియాక్ ఏబీ ఫిలిప్స్ అని లివర్ డాక్టరున్నాడు. ఆయనలాంటివాళ్లు సోషల్ మీడియాలో గొంతు చించుకుంటేనే జనం చెవిన పడింది.

అమ్మాయి: ఆయనకేమైంది మరి? 2023లో ఒక మూలికా మందుల కంపెనీ బెంగళూరు కోర్టుకెక్కితే ఆయన ఎక్స్ ఖాతానే మూతపడింది. తర్వాత హైకోర్టు తెరిపించిందనుకోండి. నిజం చెప్పేవాడికి లాయరు ఫీజు, పొడులమ్మేవాడికి ప్రకటనల డబ్బు. యూట్యూబ్ వాటా కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగువేల గంటలు చూసిన లెక్క ఉండాలి. ఆ లెక్కలో నిజానికి మార్కుల్లేవు.

బాబాయి: నాకు వాటా రావట్లేదు.

అమ్మాయి: మీకు రాకపోయినా ప్రకటనలు వస్తూనే ఉంటాయి. మీ ఇన్సులిన్ వీడియోకి ముందు నా ఫోన్లో ఏమొచ్చిందో తెలుసా? మూడు నెలల్లో ఇన్సులిన్ మానిపించే పొడి. షుగర్ నయం చేస్తామనే ప్రకటనలు కూడదని 1954 నుంచి చట్టముంది. అది మీ వీడియో నెత్తినెక్కి ఆడుతోంది.

(బాబాయి వెంటనే ఫోన్ తీసి చూసుకున్నాడు. ఆయనకొచ్చింది ఎరువుల ప్రకటన. నాకు ఇళ్లస్థలాలది.)

బాబాయి: అయితే నువ్వు అసలు కెమెరాయే కూడదంటావు.

అమ్మాయి: రోగిని చూపించేది మాత్రం పూర్తిగా కూడదంటాను. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఒక ప్లాస్టిక్ సర్జను, ఒకవైపు ఆపరేషన్ చేస్తూనే టిక్‌టాక్‌లో లైవ్ పెట్టేది. 2023లో ఆవిడ లైసెన్సే తీసేశారు. కర్ణాటకలో గదగ్‌లో 2024లో ఆసుపత్రిలో రీల్స్ చేశారని 38 మంది మెడికోల్ని సస్పెండ్ చేశారు. ఇవి పైకి కనిపించే తప్పులు, పట్టుకోవచ్చు. కాగితం మీద సరిగ్గా ఉన్న తప్పుంటుంది చూడండి, అదీ నా భయం. డిశ్చార్జి రోజు. బిల్లు కౌంటర్ దగ్గర పేషెంట్ భార్య నిలబడి ఉంటుంది. మార్కెటింగ్ కుర్రాడొచ్చి “అమ్మా, సార్ గురించి రెండు మాటలు చెప్పండి, బిల్లులో కాస్త చూస్తాం” అంటాడు. ఆవిడ కొంగు సర్దుకుని, ఎటు చూడాలో తెలీక కెమెరా పట్టుకున్న కుర్రాడి వంకే చూస్తూ “దేవుడిలా కాపాడారు” అంటుంది. ఫారం మీద సంతకముంటుంది. దాన్ని సమ్మతి అందామా?

బాబాయి: దాన్ని మొహమాటం అంటారు. నేను రోగి ముఖం ఎప్పుడూ చూపించలేదు. నేనొక గీత గీసుకున్నాను. వీడియో చూశాక ఆ మనిషికి డాక్టరుతో పని తగ్గితే అది చదువు. పెరిగితే ప్రచారం.

అమ్మాయి: వినడానికి బాగుంది గానీ నిలబడదు. మీ పాముకాటు వీడియోనే తీసుకోండి. దేశంలో ఏటా సుమారు 58 వేలమంది పాముకాటుతో పోతున్నారని, 2000 నుంచి 2019 దాకా మరణాలు లెక్కవేసినవాళ్లు తేల్చారు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. మీరేం చెప్పారు? గాటు పెట్టొద్దు, సినిమాల్లోలా నోటితో పీల్చొద్దు, తాడు బిగించొద్దు, కాలు కదలకుండా చూసి ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లని కరిస్తే నొప్పీ గాటూ సరిగ్గా తెలియకపోవచ్చు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటే అనుమానించమన్నారు. ఇది చూసినవాడు మంత్రం వేసేవాణ్ని వదిలి డాక్టరు దగ్గరకు పరిగెడతాడు. డాక్టరుతో పని పెరిగింది. మరి ప్రచారమేనా?

బాబాయి: కాదు. నా దగ్గరకు రమ్మనలేదు గదా. విరుగుడు ఇంజెక్షనున్న దగ్గరి ఆసుపత్రికి పొమ్మన్నాను, సర్కారుదైనా సరే.

అమ్మాయి: అయితే గీత జరపండి. డాక్టరు దగ్గరకు వెళ్లమంటే చదువు, నా దగ్గరకే రమ్మంటే ప్రచారం. ఇప్పుడు చెప్పండి, ఆ ఫోన్ నంబరు గీతకి ఎటుపక్క?

బాబాయి: ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో నేను ప్రసంగాలు చదివినప్పుడు పేరు, ఊరు చెప్పేవాళ్లు, అంతే. శ్రోతల ఉత్తరాలు స్టేషన్‌కే వచ్చేవి. డాక్టర్ సమరం గారు పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాసిన రోజులవి. ఇంట్లో అడగలేనివి జనం ఆయనకు రాసేవాళ్లు. నంబరు లేకుండానే నడిచిందంటే కాదనను. కానీ అప్పుడు ఒకరి ముఖానికి ఇంకొకరి గొంతు అతికించే విద్య లేదు. దేవీ శెట్టి, నరేశ్ త్రెహాన్ అంతటి గుండె డాక్టర్లే తమ పేరుతో, ముఖంతో తిరుగుతున్న దొంగ వీడియోల మీద ఢిల్లీ హైకోర్టుకెక్కాల్సి వచ్చింది. చూసేవాడికి అసలు మనిషి ఎక్కడున్నాడో తెలియొద్దూ? అందుకు పెట్టాను.

అమ్మాయి: దానికైతే రిజిస్ట్రేషన్ నంబరు పెట్టండి. చీటీ మీద వేసేదే. కౌన్సిల్ రిజిస్టర్‌లో వెతికితే పేరూ చదువూ తేలిపోతాయి.

బాబాయి: దొంగవాడు అదీ కాపీ కొడతాడు.

అమ్మాయి: కొట్టనీయండి. రిజిస్ట్రేషన్ నంబరైతే మీదే పెట్టాలి. ఫోన్ నంబరైతే వాడిది పెట్టుకుంటాడు. జనానికి వీడియో కింద నంబరుకి ఫోన్ చేయడం మీరే అలవాటు చేశారు గదా.

బాబాయి: నీకు ఓపీలో ఫైలు తోడుగా మనిషొస్తాడు. నాకు కువైట్ నుంచి ఒకమ్మాయి కామెంట్ పెట్టింది. రాయచోటి వైపు పిల్ల, అక్కడ ఇంట్లో పనికి కుదిరింది. ఊళ్లో తల్లికి కాళ్లవాపట, షుగర్ మాత్రలు మింగుతోందట, చూసే దిక్కులేదు. ఏం చేయాలి డాక్టరుగారూ అని అడిగింది. అలాంటివాళ్ల కోసం గదా నంబరు.

అమ్మాయి: మీరేం రాశారు?

బాబాయి: నీరు తీసే మాత్ర పేరు రాశాను. తక్కువ డోసే.

అమ్మాయి: బాబాయ్! క్రియాటినిన్ తెలీదు, పొటాషియం తెలీదు, గుండె సంగతి తెలీదు. షుగర్ మాత్రల్లోనే కాళ్లవాపు తెచ్చేవున్నాయి, బీపీ మాత్రల్లోనూ ఉన్నాయి. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఫోన్లో చూసినా రోగి పేరూ వయసూ అడగమన్నాయి, రికార్డు ఉంచమన్నాయి, ఫోన్లో తేలనిదైతే నేరుగా చూపించుకోమని చెప్పమన్నాయి. మీరు నలుగురూ చదివే చోట మందు రాశారు. ఓపీలో చీటీ రాస్తే ఒకరికి రాసినట్టు. అక్కడ రాస్తే కాళ్లు వాచిన ప్రతివాళ్లకీ రాసినట్టే.

బాబాయి: మరి “దగ్గర్లో డాక్టరుకు చూపించండి” అని చేతులు దులుపుకోమంటావా? అంతమాత్రం ఆ పిల్లకు తెలీదా?

అమ్మాయి: తెలీనివి చెప్పండి. వాపు రెండు కాళ్లకా, ఒక్క కాలికేనా అడగండి. ఒక్కకాలే ఉన్నట్టుండి వాచి నొప్పెడుతున్నా, ఆయాసం వస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి అనండి. మింగుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించమనండి. ఏఎన్‌ఎమ్‌ని పిలిపించి బీపీ చూపించమనండి. మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చేయించమనండి. నొప్పులకు షాపులో మాత్రలేమన్నా కొని వేసుకుంటోందేమో కనుక్కోమనండి.

(వీడియోలు వద్దంటున్న మనిషే ఒక మంచి వీడియోకి సరిపడా మాటలు గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆ మాటే పైకన్నాను. ఇద్దరూ నా వంక ఒకేలా చూశారు, మెచ్చుకోలుగా మాత్రం కాదు.)

బాబాయి: ఇదే కెమెరా ముందు చెప్పు. గుర్తులూ గిర్తులూ లేని కిడ్నీ వీడియో. నా ఛానెల్లో పెడదాం, మీ ఆసుపత్రి పేరుండదు.

అమ్మాయి: బయటి ఛానెళ్లలో కనిపించకూడదని నా కాంట్రాక్టులో ఉంది.

బాబాయి: ముఖం ఎవడిక్కావాలి? ల్యాబ్ రిపోర్టు కాగితం తువ్వాలు మీద పెట్టి, అల్బుమిన్ ఏ వరసలో ఉంటుందో వేలుతో చూపించు. గొంతు చాలు.

అమ్మాయి: ముందు కామెంట్లో ఆ మాత్ర పేరు తీసేయండి. కాకరకాయ థంబ్‌నెయిల్ మార్చండి. నంబరు తీసేయండి. అప్పుడు ఆలోచిస్తాను.

బాబాయి: మాత్ర ఇదిగో, ఇప్పుడే తీసేస్తున్నాను. థంబ్‌నెయిల్‌కి మనవడు గాలిపటాలు దింపుకుని రావాలి. నంబరు మాత్రం ఉంటుంది.

అమ్మాయి: అయితే గొంతు లేదు.